సముద్రం అడుగు చూడాలంటే... ముందు మాస్కు చూసుకోండి!

ఇదివరకు సముద్రం అంటే మనకి ఒడ్డున కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకోవడం, చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పాదాలు తడుపుకోవడం, "దూరం పోకండిరా" అని పిల్లల మీద కేకలెయ్యడం. అంతే కదూ! ఇప్పుడలా లేదు. అండమాన్ వెళ్ళొచ్చిన వాళ్ళ ఫోటోలు చూస్తే సెల్యులార్ జైలు ఫోటో పక్కనే, నీళ్ళ లోపల చేపల మధ్య తేలుతున్న ఫోటో కూడా ఒకటి ఉంటోంది. 2018 దాకా హేవ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీప్, గోవా దగ్గర గ్రాండ్ ఐలాండ్, కర్ణాటకలో మురుడేశ్వర్ నుంచి పడవలో వెళ్ళే నేత్రాణి దీవి, మన విశాఖపట్నం రుషికొండ... ఇలా చాలా చోట్ల పక్కన ఇన్‌స్ట్రక్టరుని పెట్టి కొత్తవాళ్ళని నీళ్ళలోకి దించి చూపిస్తున్నారు. వీపున గాలి సిలిండరు కట్టుకుని అలా దిగడాన్నే స్కూబా డైవింగ్ అంటారు.

అయితే ఇలాంటి ప్రయాణాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. ఆయన దిగారు, పిల్లలు దిగారు, పైకొచ్చి ఒకటే కబుర్లు. అమ్మ మాత్రం దిగిన రెండు నిమిషాలకే పైకొచ్చేసింది. "అమ్మకి భయమేసింది" అని నవ్వుకుంటారు. ఆవిడా "నాకెందుకులే ఈ వయసులో" అని తువ్వాలు కప్పుకుని కూర్చుంటుంది. డబ్బు పోతే పోయింది, మళ్ళీ జన్మలో దిగనని ఒట్టు కూడా పెట్టుకుంటుంది.

నేనడిగేది ఒక్కటే. ఆవిడ కళ్ళకి పెట్టిన మాస్కు ఎలాంటిదో ఎవరైనా చూశారా? ముఖానికి అతకని మాస్కులోంచి ఉప్పునీళ్ళు కళ్ళలోకి, ముక్కులోకి వస్తుంటే బెస్తవాడికైనా కంగారు పుడుతుంది. మొదటిసారి దిగిన మనకి పుట్టదా? అందుకే ఈ వారం వంటింటి ముచ్చట్లు కాసేపు పక్కనపెట్టి ఈ మాస్కు సంగతి చెప్పుకుందాం. ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు కత్తిరించి దాచుకోండి. పెట్టుకోనివాళ్ళు కూడా చదవండి, ఎప్పుడు ఏ ప్రయాణం తగులుతుందో ఎవరికి తెలుసు!

అసలు మాస్కు ఎందుకు?

నీళ్ళలో కళ్ళు తెరిస్తే అంతా అలికేసినట్టు కనిపిస్తుంది. చెరువులో ఈత కొట్టినవాళ్ళకి తెలిసిన సంగతే. మన కంటి ముందుభాగం గాలిలోంచి వచ్చే వెలుగుని వంచి లోపల సరిగ్గా పడేలా చేస్తుంది. ఎదురుగా గాలికి బదులు నీళ్ళుంటే ఆ వంపు దాదాపు పోతుంది, చూపు మసకబారిపోతుంది. కంటికీ నీళ్ళకీ మధ్య కొంచెం గాలి నిలబెడితే చూపు మళ్ళీ తేటపడుతుంది. మాస్కు చేసే పని అదే. గాలిని ఒక అద్దం వెనక పట్టి ఉంచడం, అంతే.

కాకపోతే నీళ్ళు, అద్దం, గాలి దాటుకుని రావడం వల్ల వస్తువులు ఉన్నదానికన్నా దగ్గరగా, పెద్దగా కనిపిస్తాయి. నాలుగడుగుల దూరంలో ఉన్నది మూడడుగుల్లో ఉన్నట్టుంటుంది. జానెడు చేప జానెడున్నర ఉందని ఇంటికొచ్చి చెబుతారు చూడండి, పాపం వాళ్ళు కోతలు కొయ్యడం లేదు! మొదట్లో చెయ్యి చాపితే అందనట్టుండి కాస్త తికమకగా ఉంటుంది. కాసేపటికి అలవాటైపోతుంది.

ఈత కళ్ళద్దాలు పనికిరావు

"మా అబ్బాయి స్విమ్మింగు క్లాసుకి వాడిన గాగుల్స్ ఉన్నాయిగా, అవి చాలవూ?" అని అడగొచ్చు. చాలవు. కారణం తెలుసుకుంటే మీరే వద్దంటారు.

నీళ్ళలోకి దిగేకొద్దీ పైనున్న నీటి బరువు మన మీద పడుతుంది. 10 మీటర్ల లోతుకి వెళ్ళేసరికి ఒడ్డున ఉన్న ఒత్తిడికి రెట్టింపవుతుంది. మాస్కులో ఉన్న గాలి సగానికి కుంచించుకుపోతుంది. అలా కుంచించుకుపోయినప్పుడు మాస్కు పీర్చినట్టు ముఖానికి అతుక్కుని కళ్ళని లాగుతుంది. దీనికి మందు చాలా తేలిక. దిగేటప్పుడు మధ్యమధ్యలో ముక్కుతో మెల్లగా కాస్త గాలి మాస్కులోకి వదిలితే చాలు, సరిపోతుంది. మరి అలా వదలాలంటే ముక్కు మాస్కు లోపల ఉండాలిగా! ఈత గాగుల్స్‌లో ముక్కు బయట ఉంటుంది. అందుకని అవి నీటి పైపైన ఈదడానికే.

ఈ సంగతి తెలియక గాలి వదలనివాళ్ళకి కంటి తెల్లగుడ్డు మీద ఎర్రటి మచ్చలు పడుతుంటాయి. చూడ్డానికి భయంగా ఉన్నా సాధారణంగా కొద్దివారాల్లో వాటంతటవే పోతాయి. నొప్పి ఉన్నా, చూపులో తేడా ఉన్నా మాత్రం ఆలస్యం చెయ్యకుండా కంటి డాక్టరుకి చూపించుకోవాలి.

ఇంకొకటి. ముఖమంతా కప్పేసి పైన గొట్టం ఉండే మాస్కులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో తెగ అమ్ముతున్నారు. అవి నీటిపైన తేలుతూ కిందకి చూడ్డానికి తయారైనవి. వాటితో సిలిండరు కట్టుకుని దిగకూడదు. చెవులు దిబ్బడ వేసినప్పుడు ముక్కు పట్టుకోవడానికి వాటిలో చాలావాటికి వీలే ఉండదు.

గాజుల కొట్టులో లాగే...

గాజుల కొట్టుకి వెళితే ఏం చేస్తాం? రంగు నచ్చిందని గబుక్కున కొనేస్తామా? ముందు చెయ్యి చాపుతాం. కొట్టతను మణికట్టు చూసి "రెండు ఆరు పడుతుందమ్మా" అంటాడు. పక్కింటావిడకి సరిపోయిన గాజు మనకి ఎక్కదు, మనది మన అమ్మాయి చేతికి జారిపోతుంది. మాస్కూ అంతే. ఎంత ఖరీదు పెట్టినా, ఎంత పేరున్న కంపెనీదైనా, మీ ముఖానికి సరిపడకపోతే అది మీ మాస్కు కాదు. ముఖం సన్నగా ఉన్నవాళ్ళకి, చెంప ఎముకలు ఎత్తుగా ఉన్నవాళ్ళకి, ముక్కు వెడల్పుగా ఉన్నవాళ్ళకి వేరు వేరు మాస్కులు కుదురుతాయి. మగవాళ్ళ ముఖానికి తయారైన పెద్ద మాస్కు చిన్న ముఖమున్న ఆడవాళ్ళకి కణతల దగ్గరో బుగ్గల దగ్గరో ఖాళీ వదిలేస్తుంది. నీళ్ళు దూరేది అక్కడే.

కొనేటప్పుడైనా, అద్దెకి తీసుకునేటప్పుడైనా ఇలా పరీక్ష చేసుకోండి.

మొదట జుట్టంతా వెనక్కి దువ్వుకోండి. మాస్కు వెనక పట్టీని అద్దం ముందువైపుకి మడిచెయ్యండి. తల పైకెత్తి ఇంటికప్పుని చూస్తూ మాస్కుని ముఖం మీద ఊరికే పెట్టుకోండి, నొక్కొద్దు. పక్కనున్నవాళ్ళని అంచు చుట్టూ చూడమనండి. నుదురు, కణతలు, బుగ్గలు, పై పెదవి పైభాగం... అన్నిచోట్లా అంచు చర్మానికి ఆనాలి.

తర్వాత తల మామూలుగా పెట్టి, మాస్కుని చేత్తో పట్టుకుని, ముక్కుతో కొంచెం గాలి లోపలికి పీల్చి ఊపిరి బిగబట్టండి. ఇప్పుడు చెయ్యి వదిలెయ్యండి. పట్టీ లేకుండానే మాస్కు ముఖానికి అతుక్కుని నిలబడాలి. సుయ్‌మని గాలి దూరినట్టనిపించినా, జారిపోయినా ఆ మాస్కు పక్కన పెట్టెయ్యండి. గట్టిగా పీల్చి చూడకండి. గట్టిగా పీలిస్తే ఏ మాస్కయినా కాసేపు అంటుకుంటుంది, మనం మోసపోతాం. మెల్లగా పీల్చినా నిలబడేదే మనది.

మూడోది చాలామంది వదిలేసే పరీక్ష. డైవింగులో గాలి నోటితో పీల్చుకుంటాం. పళ్ళ మధ్య గొట్టం పెట్టుకోగానే బుగ్గలు, పై పెదవి ఆకారం మారిపోతాయి. అందుకని గొట్టం నోట్లో పెట్టుకుని పైన చెప్పిన పరీక్ష మళ్ళీ చెయ్యండి. కొంచెం నవ్వి కూడా చూడండి. నవ్వగానే ముక్కు పక్కన గీతలు పడతాయి కదా, ఆ గీతల్లోంచి నీళ్ళు కాలవ కట్టినట్టు వస్తాయి. చేపల్ని చూసి నవ్వకుండా ఉండగలమా మరి!

నాలుగోది, పట్టీ పెట్టుకుని ఐదు పది నిమిషాలు అలాగే ఉండండి. కనుబొమల మధ్య, ముక్కు కింద ఎక్కడైనా నొక్కుతోందా? కొట్లో చిన్నగా నొక్కేది నీళ్ళలో అరగంటకి పోటు పెడుతుంది. ముక్కు భాగం మెత్తగా ఉండి, బయటి నుంచి రెండు వేళ్ళతో ముక్కు సులువుగా పట్టుకోగలగాలి. చెవులు దిబ్బడ వేసినప్పుడు అలా పట్టుకునే మెల్లగా గాలి ఊది చెవులు తెరుచుకోవాలి కాబట్టి ఇది చాలా ముఖ్యం.

కుక్కరు గ్యాస్కెట్టు సూత్రం

మాస్కు కారుతుంటే చాలామంది చేసే పని పట్టీ బిగించడం. బిగించేకొద్దీ ఇంకా కారుతుంది! మన కుక్కరు గ్యాస్కెట్టు గుర్తు చేసుకోండి. గ్యాస్కెట్టు సరిగ్గా కూర్చోకపోతే మూత ఎంత నొక్కినా ఆవిరి పక్కనుంచి పోతూనే ఉంటుంది. అంచు మీద ఒక్క మెతుకు అడ్డం పడినా చాలు. మాస్కు అంచుకి కూడా అదే సూత్రం. పట్టీ అతిగా బిగిస్తే ఆ మెత్తని అంచు వంకరపోయి ముడత పడుతుంది, ఆ ముడతలోంచి నీళ్ళొస్తాయి. పైగా నుదుటి మీద వాతలు పడి తలనొప్పి కూడా. పట్టీ చెవుల పైనుంచి వెళ్ళి, తల వెనక గుండ్రంగా ఉన్నచోట వదులుగానే కూర్చోవాలి. లోపలికి వెళ్ళాక నీటి ఒత్తిడే మాస్కుని ముఖానికి పట్టి ఉంచుతుంది.

మరి కుక్కరు అంచు మీద మెతుకు లాంటివి మన ముఖం మీద ఏమేముంటాయో చూద్దాం.

వెంట్రుకలు: ఒక్క పాయ అంచు కింద చిక్కుకున్నా నీళ్ళు దారి చేసుకుంటాయి. ముంగురులన్నీ వెనక్కి తీసి గట్టిగా జడో ముడో వేసుకోండి. తలకి గుడ్డ కడితే దాని అంచు మాస్కు లోపలికి రాకూడదు.

నూనె, క్రీములు: ఆ రోజు తలకి నూనె, ముఖానికి క్రీములు వద్దు. అంచు జారిపోతుంది. ఎండకి రాసుకునే సన్‌స్క్రీన్ నుదుటి మీంచి కారి కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు. మాస్కు ఆనేచోట వదిలేసి మిగతాచోట్ల రాసుకోండి.

బొట్టు: పెద్ద స్టిక్కరు బొట్టు నుదుటి మధ్యన పెట్టుకుంటే సరిగ్గా అంచు కిందకే వస్తుంది. కుంకుమైతే తడికి కరిగి కంట్లోకి దిగుతుంది. నీళ్ళలోంచి వచ్చాక పెట్టుకోండి, సముద్రుడేం అనుకోడు.

ముక్కుపుడక: ఇది మాస్కు లోపలే ఉంటుంది కాబట్టి నీళ్ళు కారడానికి కారణం కాదు గానీ, ముక్కు పట్టుకున్నప్పుడు గుచ్చుకుంటుంది. సిలికాన్‌ని గీరుతుంది కూడా. తీయగలిగితే హోటల్ గదిలో పెట్టి రండి. తీయలేనివాళ్ళు ఇన్‌స్ట్రక్టరుకి ముందే చెప్పండి. జూకాలు, వేలాడే కమ్మలు పట్టీలో చిక్కుకుంటాయి, అవి తప్పకుండా తీసెయ్యండి.

ఇక మగవారి మీసం! మాస్కు అంచు ఆనేది సరిగ్గా ముక్కుకీ మీసానికీ మధ్య. ఒత్తుగా మీసమున్నవాళ్ళకి ఏ మాస్కయినా కొంచెం కారుతుంది. ముక్కు కింద ఒక సన్నటి వరస గొరిగించుకుంటే అంచుకి చోటు దొరుకుతుంది. "ఆ మాట ఆయనతో ఎవరు చెబుతారు?" అంటారా? ఈ పేజీ మడిచి కాఫీ కప్పు కింద పెట్టండి, వాళ్ళే చదువుకుంటారు.

అద్దం సంగతి

మాస్కు అద్దం టెంపర్డ్ గ్లాసు అయ్యుండాలి. మామూలు అద్దంలా పెద్ద పెద్ద పదునైన పెంకులుగా పగలకుండా, పగిలినా చిన్న ముక్కలుగా అయ్యేలా తయారుచేసిన గట్టి అద్దమది. సాధారణంగా అద్దం మీదో అట్టపెట్టె మీదో రాసి ఉంటుంది. బీచి దుకాణాల్లో వేలాడదీసే ప్లాస్టిక్ అద్దాలవి పిల్లలు ఒడ్డున ఆడుకోవడానికే. ముఖానికి ఆనే అంచు సిలికాన్‌దై ఉండాలి. గట్టి ప్లాస్టిక్ అంచు ముఖానికి ఒదగదు, త్వరగా బిరుసెక్కుతుంది. సిలికాన్ అంచు రెండు పొరలుగా ఉంటే మరీ మంచిది.

ఒక్క పెద్ద అద్దం ఉన్నవీ, రెండు కళ్ళకి రెండు అద్దాలున్నవీ దొరుకుతాయి. ఏది మంచిదని అడిగితే ముఖానికి కుదిరిందే మంచిదంటాను. చూపు ఎంత మేర విశాలంగా ఉంటుందన్నది అద్దం సైజు కన్నా అది కంటికి ఎంత దగ్గరగా ఉందన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. కిటికీకి దూరంగా నిలబడితే వీధి కొంచెమే కనిపిస్తుంది, కిటికీ దగ్గరికొచ్చి నిలబడితే మొదలు నుంచి చివర దాకా కనిపిస్తుంది కదా! అలాగే. అద్దం దగ్గరగా ఉన్న మాస్కులో గాలి కూడా తక్కువ పడుతుంది, నీళ్ళొస్తే బయటికి ఊదెయ్యడం సులువు. పక్కల కూడా చిన్న అద్దాలున్నవాటిలో వెలుగు బాగా వస్తుంది గానీ, అతుకు దగ్గర బొమ్మ విరిగినట్టు కనిపిస్తుంది. కొందరికి అది చికాకు.

అంచు పారదర్శకంగా ఉన్నదైతే లోపలికి వెలుగు వస్తుంది, మూసేసినట్టుండదు. మొదటిసారి దిగేవాళ్ళకి, గదిలో తలుపేస్తే ఊపిరాడనట్టు అనిపించే వాళ్ళకి ఇది హాయి. నల్ల అంచయితే పక్కల నుంచి వచ్చే మెరుపులు తగ్గి ఎదురుగా ఉన్నది తేటగా కనిపిస్తుంది. నీటి లోపల ఫోటోలు తీసేవాళ్ళు చాలామంది దీన్నే ఇష్టపడతారు.

ఒక మాట ముందే చెప్పాలి. ఎంత మంచి మాస్కు పెట్టుకున్నా నీరు బురదగా ఉంటే చూపు ఆనదు. రంగుల సంగతీ అంతే. లోతుకి వెళ్ళేకొద్దీ ముందు ఎరుపు మాయమవుతుంది. ఐదారు మీటర్ల లోతున మీ ఎర్ర గోళ్ళరంగు గోధుమరంగులోకి, తర్వాత నలుపులోకి తిరిగినట్టుంటుంది. మాస్కు పాడైందనుకోకండి. టార్చిలైటు వేస్తే పోయిన ఎరుపు మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి?

కళ్ళజోడు మాస్కు లోపల పెట్టుకోవడం కుదరదు. దాని కాడలు అంచుని ఎత్తేస్తాయి. దూరపు చూపు తక్కువున్నవాళ్ళకి రెండు అద్దాల మాస్కులో పవరున్న అద్దాలు బిగించుకునే వీలుంది. అరపవరు తేడాతో తయారుగా దొరుకుతాయి. కొన్నిచోట్ల అద్దెకి కూడా ఇస్తారు. బుక్ చేసుకునేటప్పుడే రెండు కళ్ళ పవరు విడివిడిగా చెప్పి అడగండి. సిలిండరు పవరు ఎక్కువున్నవాళ్ళకి ఆ తయారు అద్దాలు చాలవు, ప్రత్యేకంగా చేయించుకోవాలి.

మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళు వాటితోనే దిగొచ్చు. మాస్కులోకి నీళ్ళొస్తే మాత్రం కళ్ళు మూసుకోవాలి, లేకపోతే లెన్సు కొట్టుకుపోతుంది. సముద్రపు నీరు తగిలిన లెన్సుని మళ్ళీ వాడకుండా రోజువారీవి పెట్టుకుని పారెయ్యడం మేలు. గట్టి లెన్సులు వద్దు. కంటి ఆపరేషను అయినవాళ్ళు డాక్టరుని అడిగే దిగాలి.

ఇక నలభై దాటిన మనకి చత్వారం ఒకటి ఉండనే ఉంది. సూది గుచ్చలేం గానీ ఎదురింటి బోర్డు చదవగలం. అంతవరకే ఇబ్బంది అయితే బెంగ అక్కర్లేదు. చేపలు, పగడాలు బాగానే కనిపిస్తాయి. గాలి ఎంత ఉందో చూపించే మీటరు అంకెలు కొంచెం మసకగా ఉండొచ్చు. కొత్తవాళ్ళ దగ్గర ఆ అంకెలు చూసే పని ఇన్‌స్ట్రక్టరుదే.

ఆవిరి పట్టకుండా...

మాస్కు లోపలి అద్దానికి ఆవిరి పడితే పొగమంచులో రైలు ప్రయాణంలా ఉంటుంది, ఏమీ కనిపించదు. ముఖం వెచ్చన, బయట నీళ్ళు చల్లన. వేడన్నం గిన్నె మీద మూతకి చెమట పట్టినట్టే ఇదీ.

కొత్త మాస్కు అద్దం మీద తయారీలో మిగిలిన సన్నటి పొర ఉంటుంది. మామూలు తెల్ల టూత్‌పేస్టు కొంచెం తీసుకుని అద్దం లోపలివైపు వేలితో రుద్ది కడిగెయ్యండి. ఇలా రెండు మూడుసార్లు చెయ్యండి. ఆవిరి పట్టని పూత ముందే వేసి ఉన్న మాస్కులకి మాత్రం ఈ పని చెయ్యకూడదు. పెట్టె మీద రాసింది చదివాకే మొదలుపెట్టండి. దిగేముందు చంటిపిల్లల షాంపూలో నీళ్ళు కలిపి ఒక చుక్క లోపల రాసి, సముద్రపు నీటితో ఒక్కసారి తొలిపెయ్యండి. తర్వాత వేలితో తుడవకండి. గిన్నెలు తోమే సబ్బు, బట్టల సబ్బు వాడారంటే కళ్ళు భగ్గుమంటాయి. ఏమీ లేనప్పుడు డైవర్లందరూ చేసే పని అద్దం మీద ఉమ్మి రాసి కడుక్కోవడం. మొహం చిట్లించకండి, మీ మాస్కే కదా! నీళ్ళలో ఉన్నంతసేపూ ఊపిరి నోటితోనే వదలండి. ముక్కుతో వదిలేకొద్దీ ఆవిరి పడుతుంది.

ఈ సందర్భంలో ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. కొరియా దేశంలో జెజు అనే దీవి ఉంది. అక్కడ సిలిండరు లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి నత్తలు, సముద్రపు నాచు ఏరుకొచ్చేది ఆడవాళ్ళే. వాళ్ళని హెన్యో అంటారు. ఇప్పుడు వాళ్ళలో ఎక్కువమంది అరవై దాటిన అమ్మమ్మలే! వాళ్ళ సంప్రదాయాన్ని 2016లో యునెస్కో మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. వాళ్ళు పెద్ద గుండ్రటి ఒంటి అద్దం మాస్కు పెట్టుకుంటారు. ఆవిరి పట్టకుండా ఆ అద్దాన్ని ఏంతో రుద్దుతారో తెలుసా? ఒక ఆకుతో. అది మన వినాయక చవితి పత్రిలో మొట్టమొదట వచ్చే మాచిపత్రి జాతి మొక్క! అంత దూరం ఎందుకు, మనకి దగ్గరలో రామేశ్వరం వైపు పల్లెల్లో కూడా ఆడవాళ్ళు కళ్ళకి అద్దాలు కట్టుకుని, చీర మీద చొక్కా తొడుక్కుని మునిగి సముద్రపు నాచు కోసుకొస్తారు. పొట్టకూటికి రోజూ మునిగే ఆడవాళ్ళున్న చోట, సరదాకి ఒక్కసారి దిగడానికి "ఆడవాళ్ళకెందుకు" అనే మాట చెల్లుతుందా?

ఒడ్డున మొహమాటం వద్దు

మా ఆడపడుచు సంగతి చెబుతాను. నలభై ఎనిమిదేళ్ళు. విహారయాత్రకని వెళ్ళి అందరితోపాటు దిగింది. అక్కడివాళ్ళు గంపలోంచి చేతికందిన మాస్కు తీసి ఇచ్చారు. మగవాళ్ళకి ముందు ఇచ్చి, మిగిలింది ఆవిడకి. దిగగానే కళ్ళ నిండా నీళ్ళు. పైకొచ్చి చెబితే పట్టీ ఇంకా బిగించారు. మళ్ళీ నీళ్ళే. "మేడమ్ భయపడుతున్నారు" అని తేల్చేశారు. ఆవిడా నమ్మేసింది. మర్నాడు వాళ్ళమ్మాయి పట్టుబట్టి మరోచోటికి తీసుకెళ్ళింది. అక్కడ ఇన్‌స్ట్రక్టరు ఆవిడ ముఖం చూసి, ఇసకలోనే కూర్చోబెట్టి, నాలుగు మాస్కులు మార్చి చూశాడు. నాలుగోది, సన్నటి చిన్న మాస్కు, చెయ్యి వదిలినా ముఖానికి నిలబడింది. ఆ పూట ఆవిడ ఇరవై నిమిషాలు లోపలే ఉంది. పైకొచ్చాక నాకు ఫోను చేసి అన్న మాట ఇదీ: "వదినా, నాకు భయం లేదన్న సంగతి నాకే తెలీదు!"

మొదటిరోజుకీ మర్నాటికీ మారింది ఒక్క మాస్కే. మనిషి అదే మనిషి. పెళ్ళి విందులో ఆఖరి బంతిలో కూర్చుని మిగిలినదాంతో సర్దుకోవడం మనకి అలవాటే. ఇక్కడ మాత్రం ఆ అలవాటు పనికిరాదు. "ఇది నాకు సరిపోలేదు, ఇంకోటి ఇవ్వండి" అని అడగండి. రెండోసారీ మూడోసారీ కూడా అడగండి. మీరు కట్టిన డబ్బులో మాస్కు అద్దె కూడా ఉంటుంది. మార్చి ఇవ్వనంటే, నీళ్ళలోకి దిగనవసరం లేదు.

నడుములోతు నీళ్ళలో ఉండగానే ఒక సాధన తప్పకుండా చెయ్యండి. మాస్కులోకి కావాలనే కాసిని నీళ్ళు రానివ్వండి. ఆ తర్వాత పై అంచుని చేత్తో నుదుటికి నొక్కి పట్టి, తల కొంచెం పైకెత్తి, ముక్కుతో గాలి వదలండి. నీళ్ళు కింది నుంచి బయటికి పోతాయి. రెండు మూడుసార్లు చేస్తే నీళ్ళొచ్చినా పంపెయ్యగలమన్న ధైర్యం వస్తుంది. ఎంత మంచి మాస్కులోకైనా కాసిని నీళ్ళు రావడం మామూలే.

నీళ్ళలో మాట్లాడలేం కాబట్టి సైగలు నేర్చుకోండి. ఇబ్బందిగా ఉంటే అరచెయ్యి కిందికి పెట్టి అటూ ఇటూ ఊపి, మాస్కుని చూపించాలి. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే అంతా బాగుందని అర్థం. బొటనవేలు పైకెత్తితే మాత్రం "పైకి వెళ్ళిపోదాం" అని! బావుందనుకుంటూ ఆ వేలు చూపిస్తే నిజంగానే పైకి తీసుకొచ్చేస్తారు.

పిల్లలకి పెద్దవాళ్ళ మాస్కు పెట్టకండి, చిన్న సైజువి అడగండి. ప్యాడి వంటి అంతర్జాతీయ శిక్షణ సంస్థల నియమాల ప్రకారం సముద్రంలో ఇలా తొలిసారి దిగడానికి కనీసం 10 ఏళ్ళు నిండాలి. ఉబ్బసం, గుండె జబ్బు, బి.పి. ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా దిగకూడదు. గర్భిణులు అసలు దిగకూడదు. జలుబున్న రోజు చెవులు తెరుచుకోవు, ఆ రోజు మానెయ్యండి. ఆరోగ్యం కాగితం మీద ఉన్నదున్నట్టు రాయండి. డైవింగు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకుండా ప్రయాణం వేసుకోండి.

సొంతంగా కొంటే...

ఒక్కసారి సరదాకి దిగేవాళ్ళు ఏమీ కొననక్కర్లేదు. మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాళ్ళు అన్నిటికన్నా ముందు కొనుక్కోవాల్సింది మాస్కునే, ఎందుకంటే ముఖానికి కుదరాల్సింది అదే. వాడాక మంచినీళ్ళలో కాసేపు నానబెట్టి, ఇసక పోయేలా కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే తెల్ల సిలికాన్ పసుపు పచ్చబడుతుంది. దాని పెట్టెలోనే దాచండి. దాని మీద బరువులు పెడితే అంచు వంకరపోతుంది, వంకరపోయిన అంచు మళ్ళీ దారికి రాదు.

గుర్తుంచుకోండి

* పట్టీ లేకుండా, మెల్లగా పీల్చితే ముఖానికి నిలబడేదే మీ మాస్కు.
* నోట్లో గొట్టం పెట్టుకుని మరోసారి పరీక్షించండి.
* కారితే పట్టీ బిగించకండి. ముందు వెంట్రుకలు చూడండి, తర్వాత మాస్కు మార్చండి.
* ముక్కు లోపల ఉండాలి, అద్దం టెంపర్డ్ అయ్యుండాలి, అంచు సిలికాన్‌దై ఉండాలి.
* దిగేటప్పుడు మధ్యమధ్య ముక్కుతో కాస్త గాలి మాస్కులోకి వదలండి.
* కళ్ళజోడు పవరు బుక్ చేసుకునేటప్పుడే చెప్పండి.

ఇన్ని చూసుకున్నాక కూడా నీళ్ళలోకి దిగాలనిపించకపోతే దిగకండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ ఆ నిర్ణయం మీదై ఉండాలి, కారే మాస్కుది కాకూడదు. ఈసారి మీ ఇంటి ఫోటోల్లో చేపల మధ్య మీరూ ఉంటారని ఆశిస్తూ... వచ్చేవారం మరో ముచ్చటతో కలుసుకుందాం.